అమల్దారు బంగళా పచ్చిక

పోయిన నెలలో మా పెదనాన్న మనవరాలి పెళ్ళికని పావగడ వెళ్ళాను. కల్యాణ మంటపంలో గుమ్మం మొదలుకొని వేదిక దాకా పచ్చటి గడ్డి పరిచి ఉంది. నేనేమీ ఆలోచించకుండా, అలవాటు కొద్దీ, చెప్పులు విడిచి చేత పట్టుకుని దాని మీద కాలు పెట్టాను. పెట్టీ పెట్టగానే అరికాలు గరగరలాడింది. వంగి చూస్తే అది గడ్డి కాదు, ప్లాస్టిక్ చాప. వెనకే వస్తున్న మా తమ్ముడి భార్య, "ఏంది వదినా, గుళ్ళోకి పోయినట్ల చెప్పులు చేత పట్టుకున్నావు?" అని కిసుక్కున నవ్వింది.

నేనూ నవ్వి ఊరుకున్నాను. పెళ్ళి సందట్లో ఎవరికని చెబుతాం, ఎక్కడని మొదలుపెడతాం? బంతిలో కూర్చుని ఓళిగ తింటున్నానన్న మాటే గాని, నా మనసంతా మా ఊరి బడి ముందున్న బయల్లోనే తిరుగుతూ ఉండింది. పచ్చిక కనబడితే చెప్పులు విడవాలని నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు, మా అమ్మ నేర్పింది. నిజానికి మా అమ్మకూ పచ్చికకూ మధ్య వ్యవహారం పగతో మొదలై చుట్టరికంగా మారింది. ఆ చుట్టరికం వల్లనే నేను నాలుగక్షరాలు నేర్చుకుని, ఆటల టీచరునై, ఈల ఊదుకుంటూ ఉద్యోగం చేసి, ఈనాడు మోకాళ్ళ నొప్పులతో పింఛను తింటున్నాను. అందుకే ఆ కథ మీతో చెప్పుకోవాలనిపించింది.

అప్పటి మా ఊరి సంగతి నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. బలసముద్రానికి దాపున, ఆంధ్రా పొలిమేరకు దగ్గరగా చిన్న పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, చేన్లో శెనక్కాయ. డెబ్బైలలో పెరిగిన మాకు ఏళ్ళు రెండే రకాలు, శెనక్కాయ పండిన ఏడు, శెనక్కాయ ఎండిన ఏడు. రెండో రకమే ఎక్కువగా వచ్చేది. అయినా ప్రతి జూన్‌లోనూ ఒక మబ్బు ముఖం చూపించగానే ఇంట్లో ఉన్న విత్తనమంతా తీసి మళ్ళీ నేలలో పోసేవారు. ఆ ధైర్యం ఎక్కడిదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వాన ఎగ్గొట్టడం తర్వాత శెనక్కాయకు అంతటి శత్రువు గరిక. గరిక అనగానే మీకు వినాయకుని పూజలో పెట్టే లేత పోచలు గుర్తుకు రావచ్చు. చేను చేసుకునేవాళ్ళకు మాత్రం అది శని. పైన పీకితే కింద బతుకుతుంది, కింద తవ్వితే పక్కన లేస్తుంది, ఎండలో పడేస్తే ఎండినట్టే ఉండి ఒక్క చినుకుకు చిగురేస్తుంది. దాన్ని గెలవడంలో మా అమ్మను మించినవాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో లేరు. కలుపుకు ఆమె సాలు పట్టిందంటే మిగతా ఆడవాళ్ళు ఆమె వెనకే వరుస కట్టేవారు. తాను దాటిన సాలులో గరిక వేరు కనబడితే చెవి కోసిస్తానని మా అమ్మ పందెం వేసేది. ఆమె చెవులు చివరిదాకా భద్రంగానే ఉన్నాయి.

ఇక మా బడి. అది ఒకప్పటి ముసాఫిరి బంగళా. మైసూరు మహారాజుల కాలంలో తాలూకా అమల్దారు ఊళ్ళ తనిఖీకి వచ్చినప్పుడు అందులో దిగేవాడట, అందుకే ఊళ్ళో అందరూ దాన్ని అమల్దారు బంగళా అనేవారు. దాని ముందు ఎకరాల బయలు. ఆ బయలంతా అప్పట్లో పచ్చికేననీ, సాయంకాలం అమల్దారు దాని నడుమ పేము కుర్చీ వేయించుకుని కూర్చునేవాడనీ, చిన్నప్పుడు గోడ సందులోంచి తాను చూసిందనీ మా అవ్వ చెప్పేది. మేము నమ్మేవాళ్ళం కాదు. మాకు తెలిసిన బయలంతా గరుసు నేల. మూలల్లో కంపచెట్లు, నడుమ కాంగ్రెస్ గడ్డి, ఉత్తరేణి, తుంగ, అన్నిటికీ మించి పల్లేరు. చెప్పుల్లేని కాళ్ళతో బడికి వచ్చే మేము ఉదయం ప్రార్థన అయ్యాక వరండా మెట్ల మీద కూర్చుని ఒకరి కాళ్ళలో పల్లేరు ముళ్ళు ఒకరం తీసుకునేవాళ్ళం. మొదటి పీరియడు అదే అనుకోండి.

నేను ఆరో తరగతిలో ఉండగా మైసూరు వైపు నుంచి ఒక ఆటల మేడం వచ్చింది. తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో ఈల, జడ పైకి మడిచి కట్టు. ఆడపిల్లలకు ఖోఖో నేర్పింది ఆమే. ఆమె తెలుగు సగం కన్నడం, మా కన్నడం సగం తెలుగు, అయినా ఈల భాష అందరికీ అర్థమయ్యేది. నా కాళ్ళలో ఏదో ఉందని మొదట కనిపెట్టింది ఆమె. ఒంగి, తిరిగి, దొరక్కుండా జారిపోయే పిల్లను చూసి, ఈ పిల్లను పెద్ద ఆటల్లో ఆడించాలి అని మా అమ్మతో బోరింగు దగ్గర చెప్పింది.

అక్కడే వచ్చింది చిక్కు. మా బడి ఏడో తరగతితో సరి. ఆ తర్వాత నేను అమ్మ వెనక కలుపుకు పోవాలని మా నాన్న ఎప్పుడో నిర్ణయించేశాడు. ఆయన చెడ్డవాడు కాదు, కరువులో ఇల్లు ఈదుతున్న మనిషి. ఊరు దాటిన ఆడపిల్లకు ఏమైనా అయితే అన్న భయం ఆయనది. పావగడలో హాస్టలున్న హైస్కూలువాళ్ళు ఆటల్లో బాగా ఆడే పిల్లల్ని అడిగి మరీ చేర్చుకుంటారనీ, వాళ్ళు పిల్లల్ని చూసుకునేది హోబళి ఆటల్లో, అంటే చుట్టుపక్కల ఊళ్ళ బళ్ళన్నీ కలిసి ఆడే పోటీల్లోననీ మేడం చెప్పింది. కానీ హోబళి ఆటలు ఎప్పుడూ పెద్ద ఊళ్ళలోనే జరిగేవి. "మనూర్లో ఎగిరితే ఎగరనీ, ఊరు దాటేది మాత్రం లేదు" అని నాన్న ఒక్క మాటలో తేల్చేశాడు. మేడం ఊరుకునే రకం కాదు. అయితే ఆ ఆటలనే మన ఊరికి తెస్తానని బయలుదేరింది. తనిఖీకి వచ్చిన అధికారిని పట్టుకుని మా బయలు చూపించింది. ఆయన రెండడుగులు వేసి, పల్లేరు గుచ్చుకుని, చెప్పు విప్పి దులుపుకుంటూ, వానాకాలం నాటికి పిల్లలు పడినా దెబ్బ తగలని పచ్చిక చేసి చూపిస్తే ఈ ఏడు ఆటలు ఇక్కడే అని మాట ఇచ్చాడు. అంటే, నా చదువు ఆ బయలు మీద ఆధారపడింది. నాకు అది సగమే అర్థమైంది గాని, మా అమ్మకు పూర్తిగా అర్థమైంది.

మేడం ఆ బయలును రోజూ చూస్తున్న మనిషి. పిచ్చి మొక్కల అడుగున అమల్దారు కాలం నాటి గరిక ఇంకా పాకుతూ ఉందని ఆమె గమనించింది. పైన ఉన్న చెత్త తీసేస్తే, తొలకరికి ఆ గరికే పరుచుకుంటుందని ఆమె లెక్క. వేసవి సెలవులకు ఊరికి వెళ్ళే ముందు మా అమ్మను పిలిచి, ఊళ్ళో ఆడవాళ్ళను కూడగట్టి బయల్లో కలుపు ఒక్కటి లేకుండా తీయించమని అప్పగించి బస్సెక్కింది. గరిక కలుపు కాదని చెప్పాలని ఆమెకు తోచలేదు. పచ్చికంటే గరికేనని ఆమె ఊరివాళ్ళందరికీ తెలుసు. గరిక కలుపేనా అని అడగాలని మా అమ్మకూ తోచలేదు. కలుపంటే గరికేనని మా ఊరివాళ్ళందరికీ తెలుసు.

ఆ వేసవిలో మా అమ్మ చూపిన ప్రతాపం నా కళ్ళముందే ఉంది. చేన్లలో పని లేని రోజులు, కూతురి చదువు సంగతి తెలిసిన చుట్టాలు, పక్కాలు, అందరూ వచ్చారు. పొద్దున్నే చల్లపూట పార, గడ్డపార పట్టుకుని దిగేవారు. పల్లేరు, తుంగ, కాంగ్రెస్ గడ్డి వాళ్ళకు చిన్న పని. అసలు పని గరికది. మూరెడు లోతు తవ్వి, మట్టి జల్లించినట్టు చేత్తో విదిలించి, వేరు ముక్క కూడా మిగలకుండా ఏరి, కుప్పలు పోసి ఎండనిచ్చి, ఆఖరికి నిప్పు పెట్టారు. ఎండబెట్టిన గరికను నమ్మరాదని మా అమ్మకు తెలుసు గనక బూడిదను కూడా కాలితో కెలికి చూసింది. పని అయ్యేసరికి అమల్దారు బంగళా ముందు బయలు ఎర్రగా, మెత్తగా, విత్తనానికి సిద్ధమైన చేనులా ఉంది. దారిన పోయే పక్క ఊరి రైతొకడు ఆగి, బడివాళ్ళు ఈ ఏడు ఏ రకం శెనక్కాయ వేస్తున్నారని అడిగాడు కూడా.

సెలవులయ్యాక మేడం బస్సు దిగి నేరుగా బడికి వచ్చింది. మా అమ్మ కొంగు బిగించుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఆ రోజు ఆమె ముఖంలో ఉన్న గర్వం నేను మళ్ళీ ఎన్నడూ చూడలేదు. "చూడు మేడం, గరిక పోచ ఒక్కటి చూపిచ్చు, నా పేరు మార్చుకుంటా" అంది. మేడం ఆ ఎర్రటి నేల వైపు చూసి, పెట్టె కింద పెట్టి, మెట్ల మీద కూలబడింది. ఆఖరికి, కోపం లేకుండా, ఏడవకుండా, ఆ కన్నడపు తెలుగులో, మనకు కావలసింది ఆ గరికే కదమ్మా అంది.

ఆ మాట అర్థం కావడానికి మా అమ్మకు కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక బయలు వైపు చూడనైనా చూడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటికి నడిచింది. ఆ పూట ముద్ద ముట్టలేదు. పొయ్యి ముందు కూర్చుని తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ, "నా బిడ్డ నోట్లో నేనే మన్ను కొట్టినా" అని అవ్వతో అనడం విన్నాను. మా నాన్న మాత్రం సందు దొరికింది కదా అని, "గరిక పీకే దాంట్లో నిన్ను మించినోళ్ళు లేరని ఊరంతా అంటాంటే నమ్మలేదు మే, ఇప్పుడు నమ్మినా" అన్నాడు. మామూలు రోజైతే ఆ మాటకు అమ్మ పదింతలు తిరిగి అప్పజెప్పేది. ఆ రోజు ఊరకే ఉండిపోయింది. అది చూసి నాన్నకే భయమేసింది, లేచి బయటికి పోయాడు.

మర్నాడు తెల్లవారుతూనే మా అమ్మ బడికి వెళ్ళి మేడంతో చెప్పింది: "పీకినోళ్ళమే నాటతాం మేడం. ఆటలు మాత్రం ఇంకో ఊరికి పోనీయొద్దు." చెప్పడమైతే చెప్పింది గాని, గరిక నాటడం ఎవరికి తెలుసు? మా తాతల నాటి నుంచి దాన్ని చంపడమే తెలుసు మాకు. ఏ పంటకైనా ముందు నేలకు బలం పెట్టాలి కదా అని మా అమ్మ తనకు తెలిసిన దారిలోనే మొదలుపెట్టింది. గొర్రెలు మేపే మా మేనమామను పిలిపించి మంద అక్కడ నిలపమంది. ఊళ్ళో రైతులు ఎరువు కోసం గొర్రెల మందను తమ చేన్లో పడుకోబెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. మామ తన మందను బయల్లో కొన్నాళ్ళు ఒక మూల తర్వాత ఒక మూల పడుకోబెట్టాడు. బళ్ళో అందరం ముక్కులు మూసుకుని ఎక్కాలు వల్లించాం.

గొర్రెల ఎరువొక్కటే ఆ గరుసుకు చాలదు. చెరువు ఎండిపోయి నెర్రెలు విచ్చి ఉంది. కరువు చేసిన మేలు అదొక్కటే. నల్లటి మెత్తటి పూడిక మట్టి ఎవరైనా తోలుకోవచ్చు. మా అమ్మ గంపతో మొదలుపెట్టింది. ఒకరోజు, రెండు రోజులు, ఆమె నెత్తిన గంప పెట్టుకుని మా చేను దారిలో పోవడం నాన్న చూస్తూనే ఉన్నాడు. మూడోనాడు ఏమీ అనకుండా ఎద్దుల్ని బండికి కట్టాడు. "గరికకు చెరువు మట్టి తోలేది ఈ తాలూకాలో మనమొక్కరమే, నలుగురికి తెలిస్తే నగుబాటు" అని దారి పొడుగునా గొణుగుతూనే తోలాడు. ఆయన బండి చూసి ఇంకో రెండు బండ్లు కదిలాయి. గొణుగుతూ చేసిన ఆ సాయాన్ని నేను ఇప్పటికీ తలుచుకుంటాను. నవ్వుతూ చేసే సాయం కంటే దానికే విలువెక్కువని ఈ వయసులో తెలిసింది.

ఇక గరిక కావాలి. తొలి వాన పడి చేన్లలో నాగళ్ళు కదలగానే మా అమ్మ, అమ్మ వెనక మేము ఖోఖో పిల్లలం, నాగళ్ళ వెనక నడిచాం. మామూలుగా నాగలి వెనక ఆడవాళ్ళు విత్తనం వదులుతూ నడుస్తారు. మేము గరిక ఏరుతూ నడిచాం. సాలులో తిరగబడి పైకి తేలిన గరిక తీగల్ని ఏరి గంపల్లో వేసుకుంటుంటే రైతులు ఎద్దుల్ని ఆపి మరీ చూసేవారు. వల్లూరు దారిలో ఒక ముసలాయన, "ఇంత గరిక తినే వినాయకుడు యాడుండాడప్పా?" అని అడిగాడు. "మా బళ్ళో ఉండాడు, ఆకలి మీద ఉండాడు" అంది మా అమ్మ. ఆమె నోరు మళ్ళీ లేచిందని మాకందరికీ సంతోషమైంది. గరికను ఇచ్చినవాళ్ళు కూడా దానం చేసినట్టు కాదు, దరిద్రం వదిలినట్టు ఇచ్చారు. ఎన్నిసార్లు పోయి తెచ్చినా ఎవరూ కాదనలేదు.

నాటడం మరో తమాషా. మేడం తన ఊళ్ళో పచ్చిక చూసిందే గాని నాటింది లేదు. మా అమ్మకు తెలిసిన నాట్లన్నీ సాళ్ళే. అందుకని నాన్న మడకతో బయలంతా నేరుగా సాళ్ళు తోలాడు, ఆడవాళ్ళు వెనకే గరిక ముక్కల్ని శెనక్కాయ విత్తనం వదిలినట్టు జానెడు జానెడు దూరాన వదిలి కాలితో మట్టి తొక్కారు. అవి చిగురించినప్పుడు చూడాలి! బంగళా మెట్ల మీద నిలబడితే గరిక గీతలు గీసిన నోటు పుస్తకంలా వరుసలు కట్టి ఉండేది. మేడం నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. మా నాన్న మాత్రం తన సాలు ఎక్కడా వంకర పోలేదని నలుగురినీ పిలిచి చూపించాడు.

చిగురించాక వాన ముఖం చాటేసింది. ఊళ్ళో తాగడానికే నీళ్ళు కష్టమైన రోజులు. బోరింగు కొట్టి గడ్డికి నీళ్ళు పోస్తుంటే ఊరు ఊరుకుంటుందా? ఊరుకోలేదు. అప్పుడు మా అమ్మే ఒక ఉపాయం చెప్పింది. పిల్లలకు ఎలాగూ తలలు కడగాలి, ఇంటి దగ్గర పోసే ఆ నీళ్ళేవో బయల్లోనే పోస్తే సరిపోతుంది కదా అని. ఆదివారం వచ్చిందంటే తల్లులందరూ పిల్లల్ని వెంటబెట్టుకుని, కుంకుడుకాయ రసం తెచ్చుకుని బడికి వచ్చేవారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో సాలు. నిలబెట్టి తల రుద్ది ఆ సాలు పొడుగునా నడిపిస్తూ నీళ్ళు పోసేవారు. మళ్ళీ వారం పక్క సాలు. నీళ్ళు రెండుసార్లు ఖర్చు కాలేదు, ఊరికి కోపం రాలేదు. ఊరి పిల్లల మురికి అంతా తాగి గరిక అడ్డదిడ్డంగా పాకి సాళ్ళను కలిపేసింది. పెసరకాయలు కోసే వేళకు సాలేదో సందేదో తెలియకుండా పోయింది.

అప్పటినుంచే మా అమ్మ గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికి రావడం మొదలుపెట్టింది. పంట నూర్చే కళ్ళంలోకి చెప్పులతో ఎవరూ పోరు కదా, ఇదీ అంతే అనేది. ఆమెను చూసి మిగతావాళ్ళూ విడిచారు. మేడం కూడా ఆ తెల్ల బూట్లు విప్పి మెట్ల కింద పెట్టింది. మంద తోలిన మా మామకు మాత్రం కొత్త కష్టం వచ్చింది. ఆ పచ్చదనం చూసి ఆగలేని తన గొర్రెల నుంచే ఆయన బయలును కాచుకోవాల్సి వచ్చింది. రోజూ చుట్టుదారిన పోతూ, "తినేదాన్ని నాటి తినొద్దంటే యెట్లక్కా?" అని గొర్రెల తరఫున మా అమ్మతో వాదించేవాడు.

అధికారి వచ్చి చూశాడు. ఈసారి చెప్పులు ఆయనే విప్పాడు. ఆటలు మా ఊరికి వచ్చాయి.

ఆ రోజు గురించి గొప్పలు చెప్పను. చివరి ఆటలో మేము ఓడిపోయాం, పెద్ద ఊరి పిల్లలు మా కంటే బాగా ఆడారు. కానీ నడుమ ఒక్క క్షణం ఉంది. నన్ను తరుముతూ ఒక పొడుగాటి పిల్ల వచ్చింది. స్తంభం దగ్గర మెలిక తిరగబోయి కాలు జారి, ముందుకు బోర్లా పడ్డాను. ఆ చప్పుడుకు గోడ అవతల మగవాళ్ళలో నిలబడ్డ మా నాన్న, గోడ దూకి సగం దూరం వచ్చేశాడు. పాత బయలైతే మోకాలి చిప్ప పగిలేది, మా నాన్న భయం నిజమయ్యేది, ఈ కథ అక్కడితో ఆగిపోయేది. నేను లేచాను. మోకాళ్ళకు నెత్తురు లేదు, పచ్చటి మరక ఉంది. ఆ పిల్ల చేయి నా వీపుకు బెత్తెడు దూరంలో ఉండగా ఒంగి, దాని చేతి కింద నుంచే జారి పరుగెత్తాను. మా నాన్న సగం దూరంలో నిలబడిపోయి, ఏం చేయాలో తెలియక, తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. ఆ వైపు ఆడవాళ్ళలో మా అమ్మ నన్ను చూడటం లేదు, నేను పడ్డచోట గరికను చూస్తోంది.

హైస్కూలువాళ్ళు నన్ను అడిగారు. మేడం ఆ సంగతి చెప్పడానికి సాయంకాలం మా ఇంటికి వచ్చింది. నాన్న మంచం మీద కూర్చుని చాలాసేపు నేల చూశాడు. అమ్మ వాకిట్లో నిలబడింది. ఆఖరికి నాన్న తల ఎత్తి, "ఆ హాస్టల్లో రాగిముద్ద పెడతారా మేడం? మా పాపకు అన్నం ఆనదు" అని అడిగాడు. సరే అనడం ఆయనకు చేతకాదు, అలా అడగడమే చేతనవును. అమ్మ లోపలికి పోయి, పొయ్యి ముందు కూర్చుని, కరువుతీరా ఏడ్చింది. ఈసారి చేతులు చూసుకోలేదు.

ఆ పచ్చిక మేడం ఉన్నన్నాళ్ళూ, మేడం బదిలీ అయ్యాక కూడా చాలా ఏళ్ళు బతికింది. ప్రతి వేసవిలో అక్కడక్కడ ఎండి బట్టతల పడేది. మళ్ళీ నాటడానికి గరిక కావాలి. అందుకని మా అమ్మ మా చేన్లో, కానుగ చెట్టు దిక్కు మూలన, గరికను నారుమడిలా పెంచింది. శెనక్కాయ చేన్లో గరిక నారుమడి! ఊరు ఊరంతా నవ్వింది. మిగతా చేనంతా పోచ లేకుండా తీసేది, ఆ మూలకు వచ్చేసరికి పార పక్కన పెట్టి చేత్తో నిమిరేది. నేను ఉద్యోగంలో చేరి, ఊరూరు తిరిగి, ఎంతమంది ఆడపిల్లల తండ్రులతో వాకిట్లో కూర్చుని వాదించానో నాకే గుర్తు లేదు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ మూల అలాగే ఉండేది. అమ్మ చనిపోయిన ఏడు కూడా ఉండింది.

పెళ్ళయిన మర్నాడు మా తమ్ముడు చేను చూపిస్తానని తీసుకుపోయాడు. చేను అంటున్నాను గాని, ఇప్పుడది గుత్తకు పోయి సోలారు పలకల కింద ఉంది. దారిలో బడి దగ్గర ఆగాను. బంగళా మీద కొత్త రంగు, ముందు బయలంతా సిమెంటు టైల్స్. ఆడపిల్లలు గుంపుగా బస్సు కోసం పోతున్నారు, కాలేజీ పిల్లలు, భుజాన సంచులు, ఒక్కరి వెంటా తండ్రి లేడు. వాళ్ళను చూస్తే కడుపు నిండింది. ఊరు దాటడానికి వాళ్ళకు పచ్చిక అక్కర్లేదు. అది మంచి మార్పే, కాదనను. కానీ ఒక ఊరు ఊరంతా కూడి, ఒక పిల్ల పడితే దెబ్బ తగలకూడదని, ఆదివారం ఆదివారం తలంటి నీళ్ళతో గడ్డిని పెంచిన రోజులు ఉండినాయని చెబితే ఆ టైల్స్ మీద నిలబడి ఎవరు నమ్ముతారు? అవ్వ చెప్పిన అమల్దారు పేము కుర్చీని మేము నమ్మామా?

చేన్లో కంచె లోపల వరుసలు వరుసలుగా పలకలు. దుమ్ము పోవడానికి వాటిని నీళ్ళతో కడుగుతున్నారు, ఆ నీళ్ళు అంచుల నుంచి కిందికి కారుతున్నాయి. కారినచోటల్లా, సాలు తోలినట్టు నేరుగా, పచ్చటి గరిక. కానుగ చెట్టు లేదు గాని, ఆ దిక్కు నుంచే అది వరుస వెంట వరుస పాకి వచ్చిందని నాకు తెలిసిపోయింది. తమ్ముడు చెప్పగా కాపలావాడు లోపలికి వదిలాడు. ఒక పడుచు పిల్ల, కూలికి వచ్చినట్టుంది, పలకల కింద వంగి పారతో గరిక తవ్వి పారేస్తోంది. నన్ను చూసి నడుము పట్టుకుని లేచి, చెమట తుడుచుకుంటూ, "ఎంత పీకినా వస్తానే ఉండాది మేడం ఈ గరిక. యా మహాతల్లి నాటిందో ఏమో!" అంది.

"మా అమ్మే" అన్నాను.

ఆ పిల్ల నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. నేను చెప్పులు విడిచి, తమ్ముడి భుజం పట్టుకుని, ఆ తడి గరిక మీద కాలు పెట్టాను.